మూడు పట్లు

క్రేన్ నిచ్చెన మూడో మెట్టు మీద గద్ద బాబాయి కాలు మళ్లీ ఆగిపోయింది.

"గద్ద కాస్తా కోడిపిల్ల అయ్యిందిరోయ్!" కింద కాంక్రీటు కలిపేవాళ్లలో ఎవరో అరిచారు.

ఇరవై ఆరేళ్లుగా టవర్ క్రేన్ నడిపిన మనిషి. మూడు నెలల కిందట గాలివానలో కేబిన్ ఊగిపోయి, కొక్కేనికున్న ఇనుప కట్ట జారి పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆయన కాళ్లకు మాత్రం ఆనాటితో నిచ్చెన మీద నమ్మకం పోయింది.

నెలాఖరులోగా పైకెక్కకపోతే ఇక గేటు దగ్గర కుర్చీయే గతి అని ఇంజనీరు తేల్చి చెప్పాడు.

ఆయన భయం సంగతి చూడమని కంపెనీ పిలిపించిన కౌన్సెలర్ వచ్చింది ఆ పూటే.

బోల్టు బిగువునూ బరువు లెక్కనూ తప్ప మరి దేన్నీ నమ్మని బాబాయి ఆమెను ఎగాదిగా చూశాడు.

"మాటలతో భయం పోతుందా మేడమ్? పోయేదైతే మా ఆవిడ మాటలకే పోవాలి."

"పోదండీ. పోగొడదామని రాలేదు కూడా. అంత ఎత్తున ఊగిపోయాక కూడా భయపడని మనిషినైతే, నేను క్రేన్ ఎక్కనివ్వను."

మూడు నెలల్లో ఆయన భయాన్ని తెలివి కింద జమకట్టిన మనిషి ఈమె ఒక్కతే.

"మరేం చేస్తారు?"

"మీరు నేర్పితే మీతో పాటు ఎక్కుతాను."

పెద్దపీట వేసి పని జరిపించుకునే ఎత్తుగడ ఇది అనుకున్నాడు బాబాయి. అయినా, పని గురించి అడిగితే చెప్పకుండా ఉండలేని జబ్బొకటి ఆయనకుంది.

"మూడు పట్లు వదలకూడదు. రెండు చేతులూ ఒక కాలూ, లేదా రెండు కాళ్లూ ఒక చెయ్యీ. నాలుగోది మాత్రమే కదలాలి."

"కదిలాక?"

"దాని పట్టు కుదిరాకే ఇంకోటి. తొందరపడితే పైకి కాదు, పైలోకానికి."

మొదటి రోజు నాలుగు మెట్లు. రెండో రోజు ఆరు. నాలుగో రోజుకు, నిచ్చెన మధ్యలో ఆగడానికి కట్టిన ఇనుప అరుగుల్లో మొదటిది చేరారు.

"ఆగారేం?" అన్నాడు బాబాయి.

"మీరు ఆగారని."

"నేను ఆగింది మీరు ఆగారని!"

ఇద్దరూ నిచ్చెన పట్టుకునే నవ్వారు.

"ఇదేం వైద్యం మేడమ్! బళ్లో ఇద్దరు మొద్దుల్ని ఒకే బల్ల మీద కూర్చోబెట్టినట్టుంది."

"కాపీ కొట్టడానికైనా పనికొస్తాం కదండీ."

పన్నెండో రోజున నాలుగో అరుగు మీద ఆమె చతికిలబడింది.

"ఇక్కణ్నుంచి మీరొక్కరే. మీ కేబిన్‌లో ఇద్దరికి చోటు లేదుగా."

బాబాయి ఎక్కాడు. ఒక పట్టు, ఇంకో పట్టు. కేబిన్ తలుపు తీశాడు. మీట లాగాడు. ఆకాశానికి అడ్డంగా ఇనుప చెయ్యి మెల్లగా తిరిగింది.

కింద ఈలలు, చప్పట్లు. ఇంజనీరు టోపీ తీసి గాల్లోకి విసిరాడు.

సాయంత్రం దిగేసరికి ఆమె వెళ్లిపోయింది.

"డాక్టరమ్మ భలే బాగు చేసింది, బాబాయ్!" అన్నారు కుర్రాళ్లు.

"ఎక్కింది నేనురా. ఆవిడ చేసిందేముంది, వెంట వచ్చింది!"

తానన్న ఆ మాటే ఆయన్ని రెండు నెలల పాటు గుచ్చుతూనే ఉంది. చివరి అంతస్తు పూర్తయిన మర్నాడు ఉతికిన చొక్కా తొడుక్కుని ఆమె పనిచేసే చోటికి వెళ్లాడు.

"ఆవిడ ఇక్కడ మానేశారండీ. కొండ మీది ఆస్పత్రిలో చేరారు," అంది ముందుగదిలోని అమ్మాయి.

"కొండా! ఆవిడకదో లెక్కా!" అన్నాడు బాబాయి గర్వంగా.

"లెక్క కాకపోవడమేమిటండీ, పై అంతస్తులో గది ఇస్తామన్నా మెట్లెక్కలేక పదిహేనేళ్లు ఈ కింది గదిలోనే ఉండిపోయిన మనిషి, ఎవరో క్రేన్ నడిపే పెద్దాయన ఓపిగ్గా నేర్పబట్టి ఇప్పుడు ఎక్కగలుగుతున్నారు గానీ!"