కాశమ్మ సంతకం

బర్రె కడుపు ఉబ్బితే మా వైపు కాశమ్మ ఆకుపసరే మందు. డాక్టరునూ పిలుస్తాం, ఆయన వచ్చేదాకా బర్రె ఆగాలి కదా. ఆ రోజు నా బర్రెను తోలుకుపోతే కాశమ్మ చేతులు ముడుచుకుని కూర్చుంది.

"నిన్న వనపర్తిల పరీక్ష పెట్టిన్రు తమ్మీ. నాకు మతి తప్పుతుందంట. ఒక ఆకుకు బదులు ఇంకో ఆకు నూరితే నీ బర్రె సస్తది. నేనియ్య."

అప్పుడే ఆ పరీక్ష పెట్టిన సుమన ఆటో దిగింది. కాలేజీలో పరిశోధన చేసే పిల్ల.

"అమ్మా, నిన్న చెప్పింది అబద్ధం. మతి తప్పుతుందని చెప్తే మనిషి ఎట్లుంటడో చూసే పరీక్ష అది. అయిపోంగనే నిజం చెప్పాలె, అది మా నియమం. మీరేమో కోడేరు బస్సెక్కి ఎల్లిపోయిన్రు. మీ మతి మంచిగుంది."

అబద్ధమాడటానికీ నియమాల పుస్తకం ఉంటుందట. నా చదువు రెండో తరగతిలో ఆగింది గానీ, పుస్తకమంటే నాకు గౌరవమే. బర్రె మూలుగుతోంది.

"ఇన్నవా అక్కా? ఇగ పసరు పొయ్యి."

కాశమ్మ సుమన తల నిమిరింది. "ముసల్ది బాధపడ్తదని ఇంత దూరమొచ్చినవా బిడ్డా? సచ్చే గొడ్డును తెచ్చినోళ్లకు నేను గూడ గిట్లనే చెప్త, ఏం గాదని."

"ఒట్టమ్మా!" సుమన కళ్లనీళ్లు పెట్టుకుంది. నిజం తెలిసిందని రాసిన కాగితం చాపింది. కాశమ్మ ఎవరినీ అడగకుండా తేదీ వేసి, సంతకం పెట్టింది.

తర్వాత బర్రె కడుపు మీద చెయ్యి వేసి చూసి, నా వైపు తిరిగింది.

"ఏం గాదు తీ, తమ్మీ" అంది.