నడవగలిగినవాళ్ళు

మంచులో బస్సు కనిపించలేదు. కేకలు మాత్రం వినిపించాయి.

"దిగకు దిదీ, ముందు నన్ను చూడనీ," అన్నాడు అంబులెన్సు నడిపే బన్‌మాలి.

మినతి అప్పటికే దిగేసింది.

కొరాపుట్ ఘాట్ రోడ్డు. సంతకు వెళ్తున్న బస్సు. ముక్కు కొండకు గుద్దుకుని నుజ్జయిపోయింది. వెనక చక్రాలు రెండూ లోయ మీద గాలిలో ఉన్నాయి. గాలి వీచినప్పుడల్లా ఇనుము కిర్రుమంటోంది.

మినతి అంబులెన్సులో వైద్యం చేసే ఉద్యోగానికి వచ్చి ఆరేళ్ళు. ఇంతమందిని ఒక్కసారిగా ఎన్నడూ చూడలేదు.

రెండో అంబులెన్సు కొరాపుట్ నుంచి రావాలి. ఈ మంచులో నలభై నిమిషాలైనా పడుతుంది. అంతవరకూ అందరికీ తనొక్కతే.

"నడవగలిగినవాళ్ళంతా ఇటు, కొండ పక్కకు రండి!"

పదిహేను మంది దాకా కదిలారు. వాళ్ళ చేతులకు ఆకుపచ్చ రిబ్బన్లు కట్టమని బన్‌మాలికి చెప్పింది. వీళ్ళను తర్వాత చూడొచ్చని గుర్తు.

ఒకతను మాత్రం అక్కడ నిలబడకుండా ఆమె వెనకాలే వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. ముఖమంతా దుమ్మూ నెత్తురూ.

"దిదీ, లోపల ఒక ముసలామె ఇరుక్కుపోయింది. కాలు తెగింది."

"నువ్వెవరు?"

"ఈ బస్సులోనే వచ్చాను."

"దెబ్బలేమైనా తగిలాయా?"

"నడుస్తున్నాగా. ముందు ఆవిడ సంగతి చూడు."

"ఆగు, ఎక్కకు! బస్సు జారిపోతుంది!"

అతను కిటికీలోంచి లోపలికి దూరిపోయాడు.

బస్సు ఒరిగింది. రాళ్ళు లోయలోకి దొర్లాయి. అవి అడుగున పడిన చప్పుడు కూడా వినిపించలేదు. మినతి కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి అతను ముసలామెను భుజాన వేసుకుని వస్తున్నాడు.

ముసలామె తొడ మీద పట్టీ వేసి, కర్ర దూర్చి మెలిపెట్టింది మినతి. నెత్తురు ఆగేదాకా తిప్పుతూనే ఉంది.

"నీ చేతులు పడిపోనూ! చంపేస్తోందిరో!"

"తిట్టు మావుసీ, తిట్టు. నువ్వు తిడుతుంటేనే నాకు ధైర్యం."

ఇంతలో పై మలుపు నుంచి జనం దిగారు. సంతకు నడిచి పోతున్నవాళ్ళు. చేతుల్లో కావడి బద్దలు. బస్సులో వాళ్ళ చుట్టాలున్నారు.

"డ్రైవరు గాడేడీ?"

"ఇంకెక్కడి డ్రైవరు? ఎప్పుడో పారిపోయుంటాడు."

"తాగి తోలుంటాడు. దొరకనీ, ఈ లోయలోకే తోసేద్దాం!"

ముసలామె తిట్లు ఆపేసింది. పళ్ళు బిగించి పడుకుంది.

రోడ్డు వారగా కండక్టరు పడి ఉన్నాడు. అరవడం లేదు, మూలగడం లేదు. మినతి అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. నిమిషానికి ముప్ఫై ఆరుసార్లు ఊపిరి. ఛాతీ ఒకవైపే లేస్తోంది. అందరికంటే ముందు తీసుకెళ్ళాలని గుర్తుగా ఎర్ర రిబ్బను కట్టింది. ఆక్సిజన్ పెట్టింది. సెలైన్ ఎక్కించింది.

"భయినా, ఈ సీసా పట్టుకో. చెయ్యి దించకు."

తనను అన్నా అని పిలిచేసరికి, ముసలామెను మోసుకొచ్చినతను వచ్చి పట్టుకున్నాడు. కాసేపటికి అన్నాడు:

"దిదీ, కొంచెం నీళ్ళుంటే ఇస్తావా? నాలుక పిడచకట్టుకుపోతోంది."

"ఎవరికి ఆపరేషన్ పడుతుందో తెలీదు, నీళ్ళివ్వకూడదు. అందరికీ దాహమే. కాస్త ఓర్చుకో," అని కసిరింది.

"సరే దిదీ."

మళ్ళీ అడగలేదు. అతని ముఖం పాలిపోయి ఉంది. మంచులో అందరి ముఖాలూ అలాగే ఉన్నాయి.

"ఎవరైనా పోయారా దిదీ?"

"ఇంతవరకు ఎవరూ పోలేదు."

"ఒట్టు?"

"ఒట్టు."

అతను మొదటిసారి నవ్వాడు.

సైరన్ వినిపించింది. రెండో అంబులెన్సులోకి కండక్టరును ఎక్కించారు. మినతి సీసా అందుకుంది. అప్పుడు గానీ అతను చెయ్యి దించలేదు. దించి, బండకు ఆనుకుని మెల్లగా కూలబడ్డాడు.

"ఏం భయినా, అలసిపోయావా?"

పలకలేదు.

చెయ్యి పట్టుకుంది. చల్లటి చెమట. మణికట్టు దగ్గర నాడి అందలేదు. పొట్ట మీద చెయ్యి వేసింది. బల్లచెక్కలా గట్టిగా ఉంది.



"బన్‌మాలీ! స్ట్రెచర్! పరిగెత్తు!"

ముసలామెనూ అతన్నీ బన్‌మాలి అంబులెన్సులో ఎక్కించారు. మూడో మలుపు దగ్గర అతని ఊపిరి ఆగింది. అక్కణ్ణుంచి ఆస్పత్రి దాకా మినతి అతని ఛాతీ నొక్కుతూనే ఉంది.

"మాట్లాడు భయినా. నీ పేరైనా చెప్పు. పేరు కూడా అడగలేదు నేను."

ఆస్పత్రిలో డాక్టరు కత్తెరతో చొక్కా చీల్చాడు. ఛాతీ కింద, అడ్డంగా, నెలవంకలా నల్లగా కమిలిపోయి ఉంది.

చూసి, కత్తెర పక్కన పెట్టేశాడు.

"లోపలే నెత్తురు కారిపోయింది. స్టీరింగు గుద్దుకుంటే ఇలా కములుతుంది. డ్రైవరు నడుస్తున్నా సరే, ముందు కడుపు చూడాలి కదమ్మా?"

"ఈయన డ్రైవరు కాదు సార్." అంది మినతి. "డ్రైవరు పారిపోయాడట."

పక్క మంచం మీది ముసలామె చెయ్యి చాచి మినతి కొంగు పట్టుకుంది.

"పారిపోలేదే తల్లీ... చెబితే ఆ జనం అక్కడే కొట్టి చంపేస్తారని నోరు కుట్టుకున్నా గానీ, బ్రేకులు పోయాక మమ్మల్ని లోయలో పడనీకుండా బస్సును తన వైపునే కొండకేసి గుద్దించిన డ్రైవరు ఈయనే."