సబ్బుల సిస్టర్

"ఉంగరం తీస్తేనే తలుపు తీస్తాను, డాక్టర్ గారూ."

గది తలుపుకు అడ్డంగా నిలబడి అంది సబ్బుల సిస్టర్.

ఆ పేరు పెట్టింది ఎదురుగా బెంచీ మీద కూర్చున్న తల్లి. లోపల ఆమె కూతురుంది. కిడ్నీ మార్చి తొమ్మిది రోజులైంది. కొత్త కిడ్నీని ఒళ్లు కాదనకుండా ఇచ్చే మందులు, రోగాన్ని తట్టుకునే శక్తిని కూడా అణిచేస్తాయట. ఒక్క క్రిమి చాలు, పడ్డ పాట్లన్నీ నీళ్లపాలు.

అది తెలిసినా ఆ తల్లికి సిస్టరంటే ఒళ్లుమంటే. మొదటి రోజే తెచ్చిన పూలగుత్తిని గుమ్మం దాటనివ్వలేదు. గాజులు తీయించింది. గోళ్లు కత్తిరించింది. చేతులు రెండోసారి కడిగించింది. మధ్యలో నాలుగు రోజులు సిస్టర్ సెలవులో ఉంటే తల్లికి పండగలా గడిచింది. ఇవాళ పొద్దున మళ్లీ దిగింది, ముఖం వెలిగిపోతూ, చేతిలో సబ్బునీళ్ల సీసాతో.

డాక్టరు కూడా ఆ రోజుల్లో ఊళ్లో లేడు. ఇంకో డాక్టరు వచ్చి చూస్తున్నా, ఆపరేషన్ చేసిన ఆయనే వచ్చి చూస్తే గానీ తల్లికి ప్రాణం కుదుటపడదు. తీరా ఆయన వస్తే, ఈ పిల్ల గుమ్మంలో ఆపేసింది!

"చేతులు కడుక్కున్నాను కదా సిస్టర్," అన్నాడు డాక్టరు.

"ఉంగరం కింద కడగలేదు. క్రిములకి అక్కడ అద్దె లేని ఇల్లు."

"పైన గ్లవ్స్ వేసుకుంటాను."

"గ్లవ్స్ చిరగవా?"

డాక్టరు వేలి మీది ఉంగరం తిప్పుకున్నాడు. సన్నటి బంగారు ఉంగరం, చుట్టూ అలల్లా చెక్కిన గీత. కొత్తది కాబోలు, తళతళలాడుతోంది.

"ఎప్పుడూ తీయనని మాటిచ్చాను."

"ఎవరికి?"

"మా ఆవిడకి."

"కుట్లు పడింది ఆవిడకి కాదుగా!"

బల్ల దగ్గర పెద్ద సిస్టర్‌కి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. మాస్కు సర్దుకుంటూ గోడవైపు తిరిగింది.

డాక్టరు గొంతు పెంచాడు. "నేను ఆపరేషన్ చేసిన పేషెంటుని చూడ్డానికి మీ అనుమతి కావాలా? సూపరింటెండెంట్ గారికి చెబుతాను."

"చెప్పండి. ఫోను అదుగో. ఫిర్యాదుల పుస్తకం ఇదుగో. పెన్ను కావాలా?"

తల్లి గబగబా లేచి వచ్చి సిస్టర్ మోచెయ్యి పట్టుకుంది. "పోనీలే తల్లీ, వెళ్లనియ్యి. ఆయనకి కోపమొచ్చి వెళ్లిపోతే నా పిల్ల గతేంటి?"

"అమ్మా, కోపం సాయంత్రానికి పోతుంది. చీము పట్టిందంటే పోదు."

తల్లి అద్దంలోంచి లోపలికి చూసింది. పిల్ల పడుకుని ఇటే చూస్తోంది. ఎముకలు తేలిన ఆ చిన్న ముఖం. తల్లి చెయ్యి నెమ్మదిగా సిస్టర్ మోచేతిని వదిలేసింది. వెనక్కి వెళ్లి కూర్చోలేదు. సిస్టర్ పక్కనే తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"తీసెయ్యండి బాబూ," అంది. "నా గాజులే తీసేశాను."

డాక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మా ఆవిడ అడిగితే మీరొచ్చి సర్దిచెబుతారా సిస్టర్?"

"నా పేరు చెప్పండి. ఒక్క మాట అనదు."

"ఈవిణ్ని ఇంట్లో ఎలా భరిస్తారో!" అని గొణుక్కుంటూ డాక్టరు కుళాయి తిప్పాడు. సబ్బు రాసి లాగితే ఉంగరం ఊడొచ్చింది. సిస్టర్ దాన్ని అందుకుని, జేబు లోపలి పిన్నుకు గుచ్చి, వెంటనే తన చేతులు కూడా కడుక్కుంది.

"వేళ్ల సందుల్లో కూడా. బొటనవేలు మరిచిపోయారు. తొందరేం లేదు, నలభై లెక్కపెడుతున్నాను."

కిటికీ ఎండలో నురగ బుడగలు రంగులు మారుతున్నాయి. ఇంత కంగారులోనూ తల్లికి నవ్వొచ్చింది.

నలభై అయ్యాక తలుపు తెరుచుకుంది.

పావుగంటకి డాక్టరు బయటికొచ్చాడు. "కుట్లు పొడిగా ఉన్నాయమ్మా. కొత్త కిడ్నీ చక్కగా పనిచేస్తోంది. ఆదివారం ఇంటికి తీసుకెళ్లొచ్చు."

తల్లి కళ్లు తుడుచుకుంది. ఆయనకి దణ్ణం పెట్టి, సిస్టర్ రెండు చేతులూ పట్టుకుంది. ఇందాకటిదాకా ఎన్నెన్ని అనుకుందో! ఇంతలోనే ఇంకో బెంగ పుట్టుకొచ్చింది.

"బాబూ, మీ ఆవిడ ఏమన్నా అంటే నన్ను పిలవండి. ఈ పిల్ల తప్పేం లేదని సాక్ష్యం చెబుతాను."

"అవసరం పడదులెండమ్మా," అని డాక్టరు చెయ్యి చాపాడు. "నా ఉంగరం ఇప్పించండి సిస్టర్."

సిస్టర్ జేబులోంచి పిన్ను బయటికి తీసింది. తల్లి మెడ చాచి చూసింది.

పిన్నుకు అవే అలల గీతలతో ఇంకో చిన్న ఉంగరం కూడా వేలాడుతోంది.