తోటమాలిని చూడాలనుంది

“రాసింది దాచుకోవడం ఎలాగమ్మా?” పెద్దాయన మళ్లీ అడిగాడు.

లైబ్రేరియన్ తన కుర్చీని పాత కంప్యూటరు ముందు కూర్చున్న ఆయన పక్కకి జరుపుకుంది. పోయిన శనివారం చెప్పింది. అంతకుముందు శనివారమూ చెప్పింది. అయినా ఆయన మీద విసుగు రాదు. మొదటిరోజు బడికొచ్చిన పిల్లాడిలా కళ్లు విప్పార్చుకుని అడుగుతాడు మరి.

“ఈ మూలనున్న బొమ్మ మీద నొక్కండి. అంతే.”

నొక్కాడు. “చూశావా, ‘దాచాను, నిశ్చింతగా వెళ్లిరండి’ అంటోంది. గదమాయించకుండా ఎంత మర్యాదగా చెప్తోందో. ఇది చేసినవాడెవరో గానీ మనసున్న మనిషి.”

“దీన్ని వాడేవాళ్లం ఆయన్ని తోటమాలి అని పిలిచేవాళ్లం. అసలు పేరు ఎవరికీ తెలియదు.”

“ఒక్కసారి ఆయన్ని చూడాలనుందమ్మా.”

ఇదీ ప్రతి శనివారం వినే మాటే. కిటికీ పక్కన ఆయన భార్య తల వంచుకుని స్వెటర్ అల్లుకుంటోంది. ఆవిడే ఆయన్ని చెయ్యి పట్టుకుని లైబ్రరీకి తీసుకొస్తుంది. ఆయన పని అయ్యేదాకా ఆ కుర్చీలోంచి కదలదు. పలకరిస్తే నవ్వుతుంది తప్ప నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడదు.

తోటమాలిని చూడాలని లైబ్రేరియన్‌కి మాత్రం లేదా? ఆయన చేసిన ఈ రాసుకునే సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, నలుగురికీ పంచొచ్చు, లోపల తెరిచి నచ్చినట్టు మార్చుకోవచ్చు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇందులో ఒక ఒత్తు సరిగా పడటం లేదని ఆమె ఆయనకి మెయిల్ పెట్టింది. బాగుచేసి పంపిస్తాడనుకుంది.

“ఇది నా ఒక్కడిదే కాదు, మీది కూడా. తెరిచి చూడండి, తప్పెక్కడుందో మీరే పట్టుకోగలరు. తెలియనిచోట అడగండి. ఎన్నిసార్లయినా చెప్తాను” అని జవాబిచ్చాడు.

అడిగింది. అడిగిందే అడిగింది. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. చివరికి ఆ ఒత్తుని తన చేత్తోనే సరిచేసిన రోజు ఆమెకి కాలు నేల మీద నిలవలేదు.

రానురాను ఆయన జవాబులు ఆలస్యమయ్యాయి. తరవాత ఆగిపోయాయి. ఈలోగా లైబ్రరీకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వాటిమీద ఈ సాఫ్ట్‌వేర్ ఉన్నట్టుండి మొరాయిస్తోంది. రాసుకోవడానికి వచ్చినవాళ్లంతా ఆమె మీద పడుతున్నారు. ఆయనకి పెట్టిన మెయిళ్లు నూతిలో వేసిన రాళ్లే అయ్యాయి.

“సోమవారం నుంచి ఇది ఉండదండీ,” మెల్లగా చెప్పింది. “కమిటీవాళ్లు ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ కొంటున్నారు. నేనే అడిగాను. ఇక నావల్ల కాలేదు. అందులో దాచుకునే పని కూడా ఉండదు, అన్నీ అదే చూసుకుంటుంది. ఏం కావాలన్నా ఫోన్ చేస్తే చెప్తారు.”

“లోపల తెరిచి చూడనిస్తారా?”

“ఊహూఁ.”

“మరి మనం రాసుకున్నది?”

“వాళ్ల దగ్గరే ఉంటుంది. వాళ్లు ఉంచినన్నాళ్లు ఉంటుంది.”

పెద్దాయన తెర అంచుని వేలితో నిమిరాడు.

“చిన్నప్పుడు హాస్టల్లో ఉన్నానమ్మా. టైముకి అన్నం, టైముకి నిద్ర. ఏ లోటూ లేదు. అయినా సాయంత్రమయ్యేసరికి గేటు పట్టుకుని మా ఇంటి వైపు చూస్తూ నిలబడేవాణ్ణి.”

కొత్తది కొనమని కమిటీని అడిగింది తనేనని గుర్తొచ్చి ఆమెకి సిగ్గేసింది.

“ఈ పాత కంప్యూటరు ఒక్కటీ ఇలాగే ఉంచుతాను, మీకోసం.”

“చెడిపోతేనో?”

“తెరిచి చూస్తాను. నాకు అంతగా రాదనుకోండి.”

“అడుగుతూ చేస్తే అదే వస్తుంది.”

“అడగడానికి ఎవరున్నారండీ?” ఎన్నాళ్లుగానో అణచుకున్న ఉక్రోషం బయటపడింది. “చంటిబిడ్డని సంతలో వదిలేసినట్టు వదిలేసి పోయాడు మీ తోటమాలి.”

కిటికీ దగ్గర అల్లిక సూదులు ఆగాయి.

“అలా అనకమ్మా,” అంది ఆయన భార్య. “వదిలేసే మనిషి కాదు.”

లైబ్రేరియన్ తెల్లబోయింది. “మీకు తోటమాలి తెలుసా? మరి ఈయన ఇంతలా కలవరిస్తుంటే ఒక్క మాట చెప్పలేదేం?”

“చెప్పకుండా ఉంటానా? చెప్తూనే ఉన్నాను. నమ్మరు. నవ్వేస్తారు.”

పెద్దాయన నిజంగానే నవ్వాడు. “నన్ను ఊరడించడానికి ఏదో చెప్తుందమ్మా. తోటమాలిని ఈవిడెక్కడ చూసింది?” అంటూ లేచి, గుమ్మం అటుందనుకుని పుస్తకాల బీరువా వైపు నడిచాడు.

ఆవిడ అల్లిక సంచిలో పెట్టుకుని వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది. మెల్లగా గుమ్మం వైపు తిప్పింది. లైబ్రేరియన్ వెనకే వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

“నిజంగా ఆయన మీకు తెలుసా అండీ?”

ఆవిడ పెద్దాయన కాలర్ సరిచేస్తూ అంది.

“కట్టుకున్నదాన్నమ్మా, నాకు తెలియదా?”