పాలపంటి మీద నల్లచుక్క

"గోకొద్దమ్మా! పాలపన్ను, పైపొర లేచిపోద్ది!" అంటూ చెన్నకేశవులు చెయ్యి అడ్డం పెట్టాడు.

హరిప్రియ వేలు వెనక్కి తీసుకుంది. ఏడాదిన్నర అనూహ్య తాత ఒళ్ళో కూర్చుని నోరంతా తెరిచి నవ్వుతోంది. పైవరుసలో ముందు పన్ను మీద ఆవగింజంత నల్లచుక్క.

"రాత్రి లేదే మామయ్యా!"

"రాత్రి ఎవరు చూశారు? ఇప్పుడు దిష్టిచుక్క పెడతంటే నా కంటబడింది. పద, డాక్టరుకు చూపిద్దాం."

హరిప్రియ మళ్ళీ ఆ చుక్క వైపే చూసింది. పుచ్చే అయితే ఆ తప్పు తనదే. నిద్రలో పాలసీసా నోట్లో పెట్టొద్దని తెలిసీ, ఏడుపు ఆపలేక పెడుతూ వచ్చింది. భర్త హేమసుందర్ మిలిటరీ డ్యూటీ మీద రాజస్థాన్ వెళ్ళి నెల దాటింది. ఘాజియాబాద్ ఫ్లాట్‌లో ఒక్కతే పిల్లతో వేగలేకపోతోందని మామగారు మార్కాపురం నుంచి దిగాడు. ఆయన కూడా మిలిటరీవాడే, రిటైరై పదేళ్ళయింది. అత్తగారు రాజేశ్వరమ్మ ఆముదం దీపం మీద పట్టి ఇచ్చిన కాటుకతో, రోజూ స్నానం కాగానే మనవరాలి చెంపకు చుక్క పెట్టడం ఆయన డ్యూటీ.

పళ్ళు వచ్చాక ఒకసారి డాక్టరుకు చూపించాలట అని ఆమధ్య తను అంటే ఆయన ఎగతాళి చేశాడు. "ఊడిపోయే పళ్ళకు డాక్టరెందుకమ్మా? ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో నేను ఒక్కరోజు సిక్ రిపోర్ట్ చెయ్యలా. ముప్పై రెండూ నావే!" అన్నాడు.

అలాంటి మనిషి ఈరోజు తనే ముందు చెప్పులు వేసుకుని నిలబడ్డాడు. పిల్లంటే ఆయనకు పంచప్రాణాలు. రెండు వారాలుగా మనవరాలికి తోడంటూ తనూ మెత్తగా పిసికిన పప్పన్నమే తింటున్నాడు. ఆయన కోసమని చేసిన జంతికల డబ్బా మూత కూడా తీయలేదు.

ఆటోలో హరిప్రియ మళ్ళీ పిల్ల పెదవి ఎత్తి చూసింది. చుక్క కాస్త పలచబడినట్టు అనిపించింది.

"పోతున్నట్టుంది మామయ్యా. వెనక్కి వెళ్ళిపోదామా?"

"సగం దారి వచ్చినాక వెనక్కా? భయ్యా, ఆటో ఆపకు, పోనీ!"

క్లినిక్‌లో కౌంటరు దగ్గర ఫారం నింపమన్నారు. "పిల్లను ఇటియ్యి, చేపలు చూపిస్తా" అని ఆయన అనూహ్యను ఎత్తుకుని మూలనున్న చేపల తొట్టి దగ్గరికి వెళ్ళాడు. ఫారం ఇచ్చి వచ్చి చూస్తే, చుక్క మళ్ళీ నల్లగా, ఇందాకటికంటే పెద్దగా ఉంది.

"అయ్యో, పెరుగుతోంది!" హరిప్రియ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఊరుకోమ్మా. పిల్లకేం కాదు, నా మాట నమ్ము" అన్నాడు ఆయన, ముఖం చిన్నబుచ్చుకుని.

పళ్ళ డాక్టర్ ప్రీతి నవ్వుముఖంతో పలకరించింది. కానీ అనూహ్య పెదాలు బిగించి, తల్లి మెడలో ముఖం దాచేసుకుంది. బొమ్మ చూపించినా, బ్రష్ చూపించినా లాభం లేకపోయింది.

"ఇంట్లోవాళ్ళెవరైనా ముందు కూర్చుంటే, చూసి తనూ తెరుస్తుంది" అంది డాక్టర్ హిందీలో.

హరిప్రియ లేచేలోపే చెన్నకేశవులు కుర్చీలో ఉన్నాడు. "ఆఁ" అని నోరు తెరిచాడు. అనూహ్య తల తిప్పి కుతూహలంగా చూసింది. డాక్టర్ లైటు వేసి లోపలికి చూసింది. ఆమె నవ్వు మాయమైంది.

"అంకుల్ జీ, ఈ దవడ పన్ను విరిగి ఎన్నాళ్ళయింది? కింద చీము పట్టింది."

"రెండు వారాలు" అన్నాడాయన మెల్లగా.

"ఇంకా నాన్చితే దవడంతా పాకుతుంది. ఈరోజే తీసేద్దాం. బీపీ, షుగర్ ఉన్నాయా?"

"నిన్ననే మందుల షాపులో చూపించా. రెండూ ఠీక్ హై."

హరిప్రియ నిర్ఘాంతపోయింది. "రెండు వారాలా! ఒక్క మాట చెప్పకూడదా మామయ్యా?"

"చెప్తే మీ ఆయన ఫోన్లోనే పగలబడి నవ్వడా? ముప్పై రెండూ నావేనని వాడి చిన్నప్పట్నించీ చెప్తావుండా."

ఈలోగా తాతను చూసి అనూహ్య కూడా "ఆఁ" అంది. తల్లి ఒళ్ళోనే వెల్లకిలా పడుకోబెట్టి, డాక్టర్ తడిగుడ్డతో పన్ను తుడిచింది. గుడ్డ నల్లబడింది. పన్ను తెల్లగా మెరిసింది.

"కాజల్!" అని డాక్టర్ పకపకా నవ్వింది. "పళ్ళన్నీ బంగారంలా ఉన్నాయి. బియ్యపుగింజంత పేస్టుతో రెండు పూటలా తోమండి. నిద్రలో సీసా మాత్రం ఈరోజే మానిపించండి."

హరిప్రియకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "చెంప మీది చుక్క తడుముకుని వేలు నోట్లో పెట్టుకుందేమో, దొంగపిల్ల! పోనీలే మామయ్యా, ఆ చుక్కే మిమ్మల్ని కాపాడింది."

అరగంట తర్వాత చెన్నకేశవులు దూది కరిచిపట్టుకుని బయటికొచ్చాడు. గంటసేపు నోరు తెరవొద్దన్నారు. ముఖమంతా చెమట. ప్రాణం హాయిగా ఉన్నట్టు కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

"ఉండండి, తుడుచుకుందురు గాని" అంటూ హరిప్రియ రుమాలు కోసం ఆయన లాల్చీ జేబులో చెయ్యి పెట్టింది.

"ఊఁ! ఊఁహూఁ!" అని ఆయన కంగారుగా తల అడ్డంగా ఊపాడు.

రుమాలుతోపాటు కాటుక భరిణె బయటికొచ్చింది.