మేనత్త కుట్టిన గౌను

"నన్ను అడగొద్దు వదినా. జ్ఞానతల్లిగా నేను నిలబడను."

మేనత్త తలెత్తకుండానే ఆ మాట అనేసి మిషను తొక్కసాగింది. సూది కింద పాప తెల్లగౌను మెల్లగా జరుగుతోంది. రేపు ఉదయం పూజలో పాపకి జ్ఞానస్నానం.

పాపని భుజాన వేసుకున్న వదిన గుమ్మంలోనే ఆగిపోయింది.

"రేపు పొద్దున పెట్టుకుని ఇవాళ చెప్తావా? నువ్వు పనిచేసే ఆశ్రమంలో పసిపిల్ల ఉందని మాకు కబురు చేసింది నువ్వు. సిస్టర్ల కాళ్ళావేళ్ళా పడి మా చేతుల్లో పెట్టించింది నువ్వు. నీళ్ళు పోసేటప్పుడు దీన్ని ఎత్తుకుని నిలబడే హక్కు నీకు కాక ఇంకెవరికుంది?"

"మీ అక్క ఉందిగా. ఆవిణ్ణి నిలబెట్టు."

"మా అక్క ఎత్తుకుంటే గుడి కప్పు ఎగిరిపోయేలా ఏడుస్తుంది. నీ దగ్గరైతే పిల్లికూనలా పడుకుంటుంది."

కొవ్వొత్తిని కాగితంలో చుడుతున్న అన్న నవ్వాడు. "జ్ఞానతల్లికి జ్ఞానం ఉండాలని భయపడుతున్నావా అమ్మడూ? అక్కర్లేదు. కొంగుకి మంట అంటుకోకుండా చూసుకుంటే చాలు."

మేనత్త నవ్వలేదు. గౌను అంచు మడిచింది.

"మడత ఎక్కువ పెట్టాను వదినా. విప్పితే పుట్టినరోజుకి కూడా సరిపోతుంది."

"అప్పుడొచ్చి నువ్వే విప్పుదువుగాని."

"రాలేనేమో."

వదిన ముఖం మాడిపోయింది.

"ఇప్పుడర్థమైంది. ఎవరికి పుట్టిందోనని చిన్నచూపు. ఆ మహాతల్లెవరో కనేసి చేతులు దులుపుకుని పోయింది. ఇంత పసిగుడ్డుని వదిలి వెళ్ళడానికి దానికి కాళ్ళెలా ఆడాయో! ఇప్పుడు నువ్వూ ముఖం తిప్పుకో."

మిషను ఆగిపోయింది.

"ఊరుకోవే" అన్నాడు అన్న.

"ఎందుకూరుకోవాలి? విను అమ్మాయ్. రేపు నువ్వు నిలబడకపోతే ఇక నా పిల్లని ముట్టుకోవద్దు. ఈ గుమ్మం తొక్కొద్దు."

మేనత్త పాప వైపు చెయ్యి చాచింది. వదిన పాపని రెండో భుజానికి మార్చుకుని అటు తిరిగిపోయింది.

సాయంత్రం ఫాదర్ వచ్చారు. పాపని దీవించి, వదిన గోడు మొత్తం విన్నారు. ఆయన వరండాలోకి వచ్చేసరికి మేనత్త చెప్పులు వేసుకుంటోంది. పక్కన బట్టల సంచి ఉంది.

ఆయన తలుపు దగ్గరగా వేశారు.

"ఎక్కడికమ్మా ప్రయాణం? రేపు పెట్టుకుని?"

"ఆశ్రమానికి ఫాదర్. కుట్టుపని చాలా ఉంది."

"పని ఎప్పుడూ ఉంటుంది. మీ వదిన నోరు పెద్దదే కానీ మనసు వెన్న. నువ్వు ఊ అంటే అన్నీ మర్చిపోతుంది. పూజ మానవు, ప్రార్థన మానవు. జ్ఞానతల్లిగా నీకన్నా తగినవాళ్ళు ఈ గుడిలో ఎవరున్నారు?"

ఆమె రెండో చెప్పు కూడా వేసుకుంది.

"ఆ పిల్లంటే నీకు నిజంగా ఇష్టం లేదా?"

లోపల పాప ఏడుపందుకుంది. మేనత్త రెండు చేతులతో వరండా స్తంభాన్ని పట్టుకుంది. వదిన జోల పాడుతోంది. రాగం కుదరకపోయినా పాడుతూనే ఉంది. కాసేపటికి ఏడుపు ఆగింది.

"వదినకి చెప్పనని మాటివ్వండి ఫాదర్. తెలిస్తే ఆవిడ జన్మలో కంటినిండా నిద్రపోదు. రేపో మాపో ఎవరో వచ్చి పాపని అడుగుతారని గుమ్మం వైపే చూస్తూ కూర్చుంటుంది."

"చెప్పను. ఏమిటమ్మా?"

మేనత్త సంచి అందుకుంది.

"కన్నతల్లి జ్ఞానతల్లిగా నిలబడితే మన తిరుసభ నియమం ఒప్పుకోదు కదా ఫాదర్?"