సీసా మీద లేని మాట

యజమాని కూతురు ఐదో నెల కడుపుతో కొట్టుకు వచ్చింది. కొట్టు జనంతో కిటకిటలాడుతోంది. మూలికల నూనె సీసా ఆమె చేతికిచ్చాను.

"నడుం నొప్పికి భలే పనిచేస్తుందమ్మా. రోజూ రాసుకో."

గల్లా దగ్గర నుంచి యజమాని ఒక్క ఉదుటున వచ్చి సీసా లాక్కున్నాడు.

"బుద్ధుందా నీకు? కడుపుతో ఉన్నవాళ్ళు దీన్ని ముట్టుకోకూడదని తెలీదూ?"

ఎవరో గర్భిణి తన సంచిలోని సీసా తీసి, లేబుల్ అటూ ఇటూ తిప్పి చూసింది.

"తెలీదండీ," అన్నాను. "నిరుడు నా నాలుగో నెలలో మిమ్మల్నే అడిగాను. 'ఆకుల నూనేగా, ఏమవుతుంది, రాసుకో' అన్నారు. ఆ హెచ్చరిక ఉంటే సరుకు కదలదని లేబుల్లోంచి తీయించిందీ మీరే. ఆ లేబుళ్ళు అంటించింది నేను."

యజమాని సీసాను వీపు వెనక్కి దాచుకున్నాడు.

"మరి నీ బిడ్డ?" అంది కూతురు, పొట్ట మీద చెయ్యి వేసుకుని.

"నిలవలేదు. నువ్వు మాత్రం భయపడకమ్మా. పొద్దున్నే నూనె పారబోసి, ఆ సీసాలో కుళాయి నీళ్ళు పట్టాను. మీ నాన్న నోటితోనే ఆ మాట చెప్పించాలని ఏడాదిగా కాచుక్కూర్చున్నాను."